భవనం ఒట్టి వెనక పరదాలా మిగిలిపోకుండా, దేహంతో దాని సంబంధం కనబడేలా వీడియో తీయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నారు. డ్యాన్సర్ అయిన మీ స్నేహితురాలితో కలిసి, వాడకంలో లేని ఒక పాత భవనంలో వీడియో తీశారు. డ్రోన్ షాట్లు, స్లో మోషన్, వెనకాల పియానో మ్యూజిక్ అన్నీ ఉన్నాయి. చూసినవాళ్ళు "లొకేషన్ బాగుంది, డ్యాన్స్ బాగుంది" అంటున్నారు. కానీ ఆ రెంటి మధ్య మీరు చూపించాలనుకున్న సంబంధం ఎవరికీ తగల్లేదు. మళ్ళీ తీయాలనుకుంటున్నారు. ఏం మార్చాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, మ్యూజిక్ ఉంచాలా తీసేయాలా, గ్యాలరీలో ఎలా చూపించాలి, నిడివి ఎంత ఉండాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కదలికకు కారణం కట్టడమే కావాలి. మీ స్నేహితురాలు అక్కడ చేసినదంతా రిహార్సల్ హాల్లోనూ అలాగే చేయగలిగితే, భవనం ఎంత గొప్పదైనా వెనకాల కట్టిన పరదాతో సమానం. కాబట్టి ముందే కూర్చుకున్న డ్యాన్సును అక్కడికి మోసుకెళ్ళకండి. భవనంలో ఒక్క చోటు ఎంచుకోండి. ఆ చోటు ఒంటిని ఏం చేయనిస్తోందో, ఏం చేయనివ్వడం లేదో కనిపెట్టండి. అందులోంచి ఒక పని పుట్టించండి. కెమెరాను ఒకచోట నిలబెట్టి, ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా తీయండి. మిగతా సందేహాలన్నీ దీని తర్వాతే వస్తాయి, చాలావరకు దీనితోనే తీరిపోతాయి కూడా.

నేను చాలా ఏళ్ళుగా డ్యాన్సర్లకూ పర్ఫార్మెన్స్ ఆర్టిస్టులకూ (తమ ఒంటితో చేసే పనినే కళగా చూపేవాళ్ళు) కెమెరా పట్టాను, సొంతంగానూ ఇలాంటి వీడియోలు చేశాను. ఎవరైనా రషెస్ (ఎడిటింగ్ చేయకముందు తీసిన షాట్లు) చూపించినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ మనిషిని ఇక్కణ్ణుంచి తీసి ఇంకో భవనంలో పెడితే ఏం మారుతుంది? ఏమీ మారకపోతే ఆ షాట్ పక్కన పెట్టేస్తాను. మీ రషెస్‌ను ఒకసారి ఇలా జల్లెడ పట్టండి. రెండు మూడు చోట్లయినా ఏదో మారేది దొరుకుతుంది. ఆమె చెయ్యి గోడకు ఆనుకున్నప్పుడు సున్నం రాలి అరచేతికి అంటుకుందని, దాన్ని తుడుచుకోవడానికి ఒక్క క్షణం ఆగిందని మీరే రాశారు. మీరు దాన్ని పొరపాటు అనుకుని ఎడిటింగ్‌లో తీసేశారు. నన్నడిగితే మీ కొత్త వీడియో అక్కడే మొదలవ్వాలి.

"డ్యాన్స్" అనకండి, "పని" అనండి. ఈ తేడా 1960లలోనే తేలింది. అమెరికన్ ఆర్టిస్ట్ బ్రూస్ నౌమన్ 1967-68లో తన స్టూడియోలో ఒంటరిగా ఉండి తీసిన ఫిల్ములు చూడండి. నేల మీద టేపుతో ఒక చతురస్రం గీసుకున్నాడు. దాని అంచు వెంబడి, ఒక్కో అడుగుకీ నడుమును బాగా ఒక పక్కకి తోస్తూ నడిచాడు. దాదాపు పది నిమిషాలు అంతే. అందులో స్టెప్పులు లేవు, భావ ప్రకటన లేదు. అయినా చూస్తున్నకొద్దీ నేల మీది ఆ సన్నటి గీత గోడంత గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే ఒక మనిషి ఒళ్ళు దానికి లోబడి ఉంది. టేపు ముక్కతో అంత సాధ్యమైతే, నిజమైన గోడలున్న మీకు ఎంత సాధ్యమో ఆలోచించండి.

పని అంటే ఎలా ఉండాలంటే: ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, పూర్తయిందో లేదో చూసేవాళ్ళకు తెలియాలి, ఆ చోటు లేకపోతే కుదరకూడదు. "వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి, వీపు గోడకు ఆనించే ఉంచి వెళ్ళాలి. తలుపులు వచ్చిన చోట ఆనుకోవడానికి గోడ ఉండదు." ఇది పని. "గోడలతో సంభాషించు" అనేది పని కాదు. అలా చెబితే ఏ డ్యాన్సరైనా తనకు అలవాటైన కదలికల్లోకే వెళ్ళిపోతుంది.

మీరు ఆర్కిటెక్చర్ విద్యార్థి కాబట్టి మీకొక సౌకర్యం ఉంది. కట్టడమంటేనే ముందుగా రాసిపెట్టిన కదలిక అని మీకు తెలుసు. మెట్ల లెక్కనే తీసుకోండి. రెండు మెట్ల ఎత్తుకు ఒక మెట్టు వెడల్పు కలిపితే సుమారు 60 నుంచి 65 సెంటీమీటర్లు రావాలనే సూత్రం 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాన్సువా బ్లొండెల్ చెప్పింది. అది నిజానికి మనిషి అడుగు కొలత. అంటే మెట్లు కట్టినవాడు, ఎక్కబోయే మనిషి అడుగును వందేళ్ళ ముందే నిర్ణయించేశాడు. ఎక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. మెట్టు తేడాగా ఉన్నప్పుడే తెలుస్తుంది.

దీని మీద నేను చేసిన ఒక వీడియో గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ అసలు ప్రశ్నకు నా దగ్గరున్న మంచి జవాబు అదే. ఒక పాత మూడంతస్తుల భవనం. మొదటి మలుపు దాటాక ఒక మెట్టు మిగతావాటికంటే బొటనవేలి మందం ఎత్తుగా ఉంది. ఎప్పుడో రిపేరు చేసినప్పుడు పైన ఇంకో పొర వేసినట్టున్నారు. కంటికి ఏమీ తెలియదు. కెమెరాను ఆ మలుపు దగ్గర, మోకాలి ఎత్తులో పెట్టి, ముగ్గురిని ఒకరి తర్వాత ఒకరిని ఎక్కమన్నాను. చేతిలో అంచుదాకా నీళ్ళున్న గిన్నె పట్టుకుని ఎక్కాలి, అంతే. భవనానికి కొత్తయిన కుర్రాడికి సరిగ్గా ఆ మెట్టు మీదే కాలి వేళ్ళు తగిలాయి, గిన్నె తొణికింది. శిక్షణ ఉన్న డ్యాన్సర్‌కి కూడా కాలు తగిలింది, కానీ ఆ కుదుపును మోకాలూ నడుమూ మింగేశాయి, నీళ్ళు కదల్లేదు. మూడో మనిషి ఆ భవనాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్న పెద్దావిడ. ఆవిడ కాలు ఆ మెట్టు దగ్గర ముందే కాస్త ఎక్కువ ఎత్తు లేచింది. అడిగితే, ఆ మెట్టులో తేడా ఉందన్న సంగతే తనకు తెలియదంది. ఆవిడకు తెలియనిది ఆవిడ కాలికి తెలుసు. ఇది మాటల్లో చెప్పక్కర్లేదు. ముగ్గురి పాదాలూ ఒకే ఫ్రేములో, ఒకే కోణంలో వరుసగా పెడితే చూసేవాళ్ళే పట్టుకుంటారు. భవనం, అలవాటు, శిక్షణ, వయసు అన్నీ ఆ బొటనవేలి మందంలో ఉన్నాయి.

అందుకే చెబుతున్నాను, బాగా శిక్షణ పొందిన దేహం కట్టడాన్ని దాచేస్తుంది. డ్యాన్సర్ నేర్చుకునేదే అడ్డంకిని అడ్డంకిలా కనబడనివ్వకపోవడం. వేదిక మీద అది గొప్ప గుణం, మీ వీడియోకి మాత్రం ఇబ్బంది. మీ స్నేహితురాలిని మానిపించమని కాదు. ఆమె నైపుణ్యంతో దాటేయలేని పని ఇవ్వండి: బరువు, ఇరుకు, అలసట, పదే పదే చేయడం. ముప్ఫయ్యోసారి అదే గడప దాటేటప్పుడు ఏ డ్యాన్సర్ కాలైనా మామూలు కాలైపోతుంది. లేదా ఆమెతో పాటు ఆ భవనానికి అలవాటు పడిన ఇంకెవరినైనా తీసుకోండి.

ఈ విషయంలో నాకు చాలా ఇష్టమైన సినిమా ఇలా బేకా, లూయీజ్ లెమ్వాన్ 2008లో తీసిన 'కూల్హాస్ హౌస్‌లైఫ్'. ఆర్కిటెక్ట్ రెమ్ కూల్హాస్ ఫ్రాన్సులోని బోర్డో దగ్గర వీల్‌చైర్‌లో ఉండే యజమాని కోసం కట్టిన ఇల్లది, 1998లో పూర్తయింది. ఇంటి మధ్యలో ఒక గది అంతా లిఫ్టులా పైకీ కిందికీ కదులుతుంది. పత్రికల్లో ఆ ఇంటి ఫోటోలు ఎన్నో వచ్చాయి. ఈ సినిమా మాత్రం ఆ ఇంటిని శుభ్రం చేసే గ్వాదలూపే అసేదో అనే ఆవిడ వెంట వెళ్తుంది. బకెట్టు, చీపురు, వ్యాక్యూమ్ క్లీనర్‌తో ఆవిడ ఆ కదిలే అంతస్తు మీద నిలబడి పైకి వస్తుంటే, ఆ ఇల్లు ఏం అడుగుతుందో, ఒక ఒళ్ళు దానికి ఏం ఇస్తుందో నాకు ఏ ప్లానులోనూ కనబడనంత స్పష్టంగా కనబడింది. అది పర్ఫార్మెన్స్ ఆర్ట్ అని ఎవరూ పేరు పెట్టలేదు. కానీ మీరు వెతుకుతున్నది అందులో నిండుగా ఉంది.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆర్కిటెక్ట్ లె కార్బూజియే తయారుచేసిన 'మాడ్యులోర్' కొలమానంలో మనిషి ఎత్తు 1.83 మీటర్లు, చెయ్యి పైకెత్తితే 2.26 మీటర్లు. ప్రతి కట్టడం వెనకా ఇలా ఎవరో ఒక ఊహా మనిషి ఉంటాడు, పైకి చెప్పినా చెప్పకపోయినా. మీ భవనంలో ఆ మనిషెవరో కనిపెట్టండి. కిటికీ అడుగు అంచు ఎంత ఎత్తుంది, తలుపు గొళ్ళెం ఎక్కడుంది, పిట్టగోడ ఎవరి నడుం దగ్గరికి వస్తుంది? మీ స్నేహితురాలు ఐదడుగులైతే, ఆ ఊహా మనిషికీ ఆమెకూ మధ్య ఉన్న ఖాళీయే మీ వస్తువు. గొళ్ళెం అందుకోవడానికి మడమలెత్తాల్సి వచ్చిన క్షణంలో నాకు ఎంతో ఆర్కిటెక్చర్ కనబడుతుంది. ఆస్ట్రియా ఆర్టిస్ట్ వాలీ ఎక్స్‌పోర్ట్ 1970లలో వియన్నా వీధుల్లో ఫుట్‌పాత్ అంచులకూ మెట్లకూ భవనాల మూలలకూ ఒంటిని అతికించినట్టు వంచి తీయించిన ఫోటోలు ఈ దృష్టితో చూడండి. అవి వీడియోలు కావు గానీ, ఒళ్ళు కట్టడానికి ఎక్కడ సరిపోదో అవి చెప్పినంత బాగా చెప్పినవి తక్కువ.

ఇక కెమెరా.

కెమెరా కూడా ఒక గోడే. ఫ్రేము అంచు దగ్గర మనిషి మాయమైతే, అక్కడ తలుపు ఉన్నట్టే లెక్క. అందుకే ఈ రకం పనుల్లో కదలని కెమెరాకు అంత బలం. కెమెరా మనిషి వెంట పడితే మనిషి ఎప్పుడూ ఫ్రేము మధ్యలోనే ఉంటాడు, గోడలు పక్కనుంచి జారిపోతాయి, అంటే మళ్ళీ పరదా అయిపోతాయి. కెమెరా నిలబడి ఉంటే మనిషి దూరమవుతాడు, చిన్నవుతాడు, మూల వెనక్కి పోతాడు. చోటు ఎంతుందో అప్పుడే తెలుస్తుంది. నాటక రచయిత శామ్యూల్ బెకెట్ 1981లో జర్మన్ టెలివిజన్ కోసం చేసిన 'క్వాడ్'లో నలుగురు ఒక చతురస్రం అంచుల మీద, కర్ణాల మీద నడుస్తారు, మధ్య బిందువును మాత్రం తప్పించుకుంటారు. పైనుంచి చూసే ఒకే కెమెరా, కదలదు. అక్కడ గోడ లేదు, గుంట లేదు, కానీ ఆ మధ్యలో ఏదో ఉందని మనకు భయం వేస్తుంది.

కెమెరానే కట్టడంలో భాగం చేసిన పని ఒకటుంది, వీలైతే ఏదైనా మ్యూజియంలో చూడండి. నౌమన్ 1970లో చేసిన 'లైవ్-టేప్డ్ వీడియో కారిడార్'. దాదాపు 50 సెంటీమీటర్ల వెడల్పు, పది మీటర్లకు కాస్త తక్కువ పొడవు ఉన్న ఇరుకు దారి. చివర ఒకదాని మీద ఒకటి రెండు టీవీలు. ఒక దాంట్లో ఖాళీ దారిని ముందే తీసి పెట్టిన టేపు నడుస్తుంటుంది. రెండో దాంట్లో మీరే, అప్పటికప్పుడు. కెమెరా మీ వెనక, ప్రవేశం దగ్గర పైన ఉంది. కాబట్టి టీవీ దగ్గరికి వెళ్ళేకొద్దీ అందులో మీ వీపు చిన్నదవుతూ పోతుంది. దగ్గరవుతున్నకొద్దీ దూరమవుతారు. అక్కడ పర్ఫార్మర్ వేరే ఎవరూ లేరు, చూడటానికి వచ్చిన మనిషే. 1974లో ఆర్టిస్ట్ డాన్ గ్రాహమ్ అద్దాల గదిలో మీ బొమ్మను ఎనిమిది సెకన్లు ఆలస్యంగా చూపించి ఇలాంటి పనే చేశాడు.

లెన్సు గురించి. ఆర్కిటెక్చర్ ఫోటోల అలవాటుతో అందరూ బాగా వైడ్ లెన్స్ తీసుకుంటారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 16, 20 ఎం.ఎం. లెన్సులు గదిని ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తాయి, ఫ్రేము అంచుల్లోకి వచ్చిన మనిషిని సాగదీస్తాయి. మీ అంశమే కొలత అయినప్పుడు కొలతను పాడుచేసే లెన్సు వద్దు. 35 నుంచి 50 మధ్య ఉండండి. గదిలో వెనక్కి జరగడానికి చోటు లేదా? పక్కగదిలోంచి, తలుపు గుండా తీయండి. తలుపు చట్రం ఫ్రేములోకి వస్తుంది, అది మంచిదే.

కెమెరాను పైకో కిందికో వంచకండి. వంచితే నిలువు గీతలన్నీ ఒకదాని వైపు ఒకటి వాలిపోతాయి. ఇంకొంచెం పైకప్పు కావాలంటే ట్రైపాడ్ ఎత్తు పెంచండి. లెవెల్‌గా ఉన్న కెమెరాకు ఒక గుణం ఉంది: లెన్సు ఎంత ఎత్తులో ఉందో, ఆ ఎత్తులో ఉన్నవన్నీ ఫ్రేములో సరిగ్గా మధ్య గీత మీదికి వస్తాయి. లెన్సును కిటికీ అడుగు అంచు ఎత్తులో పెడితే ఆ అంచు పైభాగం కనబడదు, ఒట్టి గీతగా మారి మనిషిని రెండుగా కోస్తుంది. లెన్సును ఇంకో జానెడు పైకి జరిపితే అంచు మళ్ళీ కూర్చోవడానికి వీలైన చోటుగా మారుతుంది. ఈ ఒక్క నిర్ణయం మీద నేను ఒక పూట గడిపిన సందర్భాలున్నాయి, ఆ సమయం వృథా అనిపించలేదు.

కట్ చేయాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. ఈ రంగంలో రెండు దారులున్నాయి, రెండూ మంచివే, కలిపితే మాత్రం రెండూ పోతాయి. కట్ లేకుండా తీస్తే ఆ చోటు నిజమవుతుంది: ఇంత దూరం, ఇంత సేపు. కట్ చేస్తే మీరు లేని చోటును కడుతున్నారు. ఫిల్మ్ దర్శకురాలు మాయా డెరెన్ 1945లో టాలీ బీటీ అనే డ్యాన్సర్‌తో తీసిన రెండు మూడు నిమిషాల చిన్న ఫిల్ములో, అడవిలో ఎత్తిన కాలు ఒక ఇంటిలోపల నేలకు ఆనుతుంది. ఒక్క అడుగులో అడవీ ఇల్లూ పక్కపక్క గదులైపోతాయి. అది ఎడిటింగ్‌తో కట్టిన భవనం. అలా చేయాలంటే ప్రతి కట్‌నీ కదలిక మధ్యలో, ఒంటి దిశా వేగమూ తప్పకుండా కలపాలి. మీ మొదటి వీడియోలో కట్‌లు ఈ రెంటిలో ఏదీ చేయడం లేదు, అందమైన షాట్ నుంచి అందమైన షాట్‌కు తీసుకెళ్తున్నాయి.

కట్‌తో మూడో పని ఒకటుంది: ఒకే సంఘటనను మళ్ళీ మళ్ళీ చూపడం. బ్రిటిష్ ఆర్టిస్ట్ స్టీవ్ మెక్వీన్ 1997లో చేసిన 'డెడ్‌పాన్' నాలుగున్నర నిమిషాల మూకీ. మూకీల కాలపు హాస్యనటుడు బస్టర్ కీటన్ 1928 నాటి సినిమాలో ఇంటి ముందరి గోడ మనిషి మీద పడిపోతే, అతను సరిగ్గా కిటికీ ఖాళీ వచ్చే చోట నిలబడి ఉంటాడు కదా, మెక్వీన్ తానే అలా నిలబడి దాన్ని వేర్వేరు కోణాల్లో తిరిగి తిరిగి చూపించాడు. మొదటిసారి మనం గోడను చూస్తాం. తర్వాత్తర్వాత అతని ముఖం, బూట్లు, కదలని ఒళ్ళు చూస్తాం. కట్టడం కూలుతుంటే దేహం నిలబడి ఉండటం, అదొక్కటే అక్కడ జరిగే పని.

డ్రోన్ షాట్లు తీసేయండి. ఆ ఎత్తులో ఏ మనిషి కళ్ళూ ఉండవు, కాబట్టి అక్కణ్ణుంచి భవనం మళ్ళీ ప్లాను అయిపోతుంది. మీరు క్లాసులో రోజూ చూసేది అదే.

స్లో మోషన్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. కట్టడానికీ దేహానికీ ఉన్న అన్నిటికంటే పాత సంబంధం బరువు. రెండూ ఒకే నేల మీద, ఒకే ఆకర్షణకు లోబడి నిలబడతాయి. వేగాన్ని సగానికి తగ్గిస్తే కింద పడటానికి రెట్టింపు సమయం పడుతుంది. అంటే చూసే కంటికి గురుత్వాకర్షణ నాలుగో వంతుకు పడిపోయినట్టే. మనిషి దాదాపు చంద్రుడి మీద ఉన్నట్టు తేలుతుంది, గోడలు మాత్రం భూమ్మీదే ఉంటాయి. మీ వీడియోలో దేహమూ కట్టడమూ విడిపోవడానికి అది పెద్ద కారణమని నా అభిప్రాయం. సెకనుకు 25 ఫ్రేములతో, మామూలు వేగంతో తీయండి. ట్యూబ్‌లైట్లు ఉంటే షట్టర్ 1/50 పెట్టుకోండి, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట మినుకు రాదు.

మ్యూజిక్ తీసేయండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. గది ఎంత పెద్దదో, గోడలు రాతివా చెక్కవా, కిటికీలు తెరిచి ఉన్నాయా అన్నది చెవికి కంటికంటే ముందే తెలుస్తుంది. పియానో పెట్టగానే ఆ సమాచారమంతా మూసేసినట్టే. పైగా ఆ పియానో రికార్డయింది ఇంకో గదిలో. చూసేవాళ్ళ చెవులు ఆ గదిలో ఉంటాయి, కళ్ళు మీ భవనంలో ఉంటాయి. వైడ్ లెన్స్‌తో మీరు చూపించాలనుకున్న పెద్దతనం ఒక్క చప్పట్లో వినబడుతుంది. షూట్‌కి రెండు మైకులు తీసుకెళ్ళండి. ఒకటి పాదాలకు దగ్గరగా, ఇంకోటి గది అవతలి చివర. ఎడిటింగ్‌లో వాటి పాళ్ళు మార్చితే మనిషి దగ్గరవుతుంది, దూరమవుతుంది, కెమెరా కదలకుండానే. అందరూ ఊపిరి బిగపట్టి నిలబడి, రెండు మూడు నిమిషాలు ఖాళీ గది శబ్దం కూడా రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో అది లేకపోతే ఎంత ఇబ్బందో అప్పుడు తెలుస్తుంది. ఆమె చెప్పులతో ఒకసారి, వట్టికాళ్ళతో ఒకసారి నడిచి చూడండి. ఆ రెండూ వేర్వేరు భవనాల్లా వినబడతాయి.

ఒక విషయం మీ ప్రశ్నలో లేదు గానీ అడగాల్సింది. ఆ భవనంలోకి ఎవరిని రానిచ్చేవాళ్ళు, ఎవరిని రానిచ్చేవాళ్ళు కాదు? ఎవరు ఏ తలుపు వాడేవాళ్ళు? గోడలకు దేహాలన్నీ ఒకటి కావు. చిత్రకారిణి నళినీ మలానీ 1969లో కాగితపు నమూనా ఇళ్ళతో ఒక రంగుల యానిమేషన్ తీసింది, కొత్తగా కట్టబోయే ఆదర్శ గృహాల కల అది. 1976లో దాని పక్కనే ఇంకో ఫిల్ము పెట్టింది. అందులో ఎత్తైన భవనంలోంచి బొంబాయిని చూస్తూ ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. రెండు ప్రొజెక్షన్లూ కలిపి 'యుటోపియా'. నమూనాలో మనుషులు లేరు, రెండో దాంట్లో ఒక మనిషి ఉంది, కల లేదు. ఆమె పెద్దగా కదలదు కూడా. పర్ఫార్మెన్స్ అంటే ఎగరడమే కానక్కర్లేదనడానికి కూడా ఇది గుర్తుంచుకోండి. పర్ఫార్మెన్స్ ఆర్టిస్టులు మరీనా అబ్రమోవిచ్, ఉలాయ్ 1977లో ఇటలీలోని బొలోన్యాలో చేసిందీ అంతే: గ్యాలరీ ద్వారాన్ని ఇరుకు చేసి, ఇద్దరూ ఒంటి మీద బట్టల్లేకుండా ఎదురెదురుగా ద్వారబంధాల్లా నిలబడ్డారు. లోపలికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి, ఇద్దరిలో ఒకరి వైపు ముఖం పెట్టి దూరాలి. పోలీసులు వచ్చి ఆపేశారు. ఆ వీడియోలో నేను ఎప్పుడూ చూసేది వాళ్ళిద్దరినీ కాదు, ఎటు తిరగాలో తేల్చుకోలేక గడప దగ్గర ఆగే సందర్శకులను.

పాత గోడల పెచ్చులు, నాచు, విరిగిన కిటికీలోంచి వెలుగు, వీటితో జాగ్రత్త. శిథిలం ఏ కెమెరాకైనా అందంగానే కనబడుతుంది, మీ పని ఏమీ లేకుండానే. వీలైతే అందం లేని చోటు ఎంచుకోండి. లిఫ్టు ముందరి ఖాళీ, మెట్ల కింద స్టోరు, రెండు గదుల మధ్య సందు.

జాగ్రత్తల సంగతి టూకీగా. కాంక్రీటు మీద గచ్చు చేసిన నేల మోకాళ్ళను, మడమలను దెబ్బతీస్తుంది. స్ప్రింగున్న డ్యాన్స్ ఫ్లోరు కాదది. దూకడాలు తగ్గించండి, టేకుల మధ్య విశ్రాంతి ఇవ్వండి. పిట్టగోడలు, బాల్కనీ కమ్మీలు పాతవైతే బరువు ఆనించకముందు తెలిసిన మనిషితో పరీక్ష చేయించండి. కొరియోగ్రాఫర్ ట్రిషా బ్రౌన్ 1970లో న్యూయార్క్‌లో ఒక మనిషిని ఏడంతస్తుల భవనం గోడ మీద నిలువునా కిందికి నడిపించింది. అది చూసి చాలామందికి ఉత్సాహం వస్తుంది. ఆ మనిషి తాడు, బెల్టు కట్టుకునే నడిచాడు. తాడు పనికి అందులో అనుభవమున్నవాళ్ళు లేకుండా దిగొద్దు. యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని దేశాల్లో ఆధునిక భవనం మీద ఆర్కిటెక్ట్‌కు కూడా హక్కులుంటాయి, బయట ప్రదర్శించేముందు అదీ చూసుకోండి.

గ్యాలరీలో చూపించడం షూటింగులో భాగమే. చూసేవాళ్ళు కూడా ఒక భవనంలో, ఒక ఒంటితో నిలబడి ఉంటారు. ఫోనులో చూస్తే మీ వరండా అరచేతిలోకి వస్తుంది, కొలత పోతుంది. నేనైతే ఒక్క స్క్రీనే పెట్టి, బొమ్మ అడుగు అంచును గ్యాలరీ నేలకు తాకిస్తాను, ఆమె పాదాలు మన నేల మీదే ఉన్నట్టు. తర్వాత టేపు పట్టుకుని బొమ్మలో ఆమె ఎత్తు కొలుస్తాను. కెమెరాకు ఎంత దూరంలో ఉన్నప్పుడు ఆమె అసలు ఎత్తులో కనబడాలో ముందే అనుకుని, ప్రొజెక్టర్‌ను ముందుకూ వెనక్కూ జరిపి అక్కడికి తెస్తాను. ఆమె దగ్గరికి వస్తే మనకంటే పెద్దదవుతుంది, దూరం వెళ్తే చిన్నదవుతుంది. ఆ మధ్య ఒక్క చోట మాత్రం మనంత ఉంటుంది. చూసేవాళ్ళ నీడ పడకుండా షార్ట్ త్రో ప్రొజెక్టర్ (గోడకు దగ్గరగా పెట్టినా పెద్ద బొమ్మ వేసేది) అద్దెకు తీసుకోండి. గ్యాలరీ కూడా మారుమోగే గదైతే, మీరు రికార్డు చేసిన ప్రతిధ్వని మీద ఇంకో ప్రతిధ్వని పడి అంతా ముద్దైపోతుంది. అలాంటప్పుడు దూరపు మైకు శబ్దం తగ్గించి, దగ్గరి మైకునే ఎక్కువ వాడండి. అవతలి ప్రతిధ్వనిని గ్యాలరీ గదే ఇస్తుంది. బెంచీ వేయాలా వద్దా అంటారు కొందరు. మెట్ల వీడియోకి నేను వేయలేదు, నిలబడి చూసేవాళ్ళకు వాళ్ళ మోకాళ్ళు గుర్తుంటాయి కాబట్టి.

చివరిది, నిడివి. నిమిషాల్లో ఆలోచించకండి. పని ఎంతసేపు పడితే వీడియో అంతసేపు. నౌమన్ 1968 వీడియోలు కొన్ని గంట నిడివి ఉన్నాయి. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు. వరండా ఆ చివరికి వీపు ఆనించి వెళ్ళి, తిరిగి రావడానికి ఏడు నిమిషాలు పడితే ఏడు నిమిషాలు. మధ్యలో ఆమె అలసిపోయి ఆగితే ఆ ఆగడం ఉంచండి, తలుపు ఖాళీ దగ్గర వీపుకు గోడ దొరక్క తడబడితే అది తప్పకుండా ఉంచండి. గ్యాలరీలో లూప్‌లో నడుస్తుంది కాబట్టి, ఆమె ఫ్రేములో లేని ఖాళీ వరండా దగ్గర మొదలుపెట్టి అదే ఖాళీ దగ్గర ఆపండి, వెలుగు రెండు చోట్లా ఒకేలా ఉండేలా చూసుకుని. పొద్దున షూట్ చేస్తే ఎండ త్వరగా జరిగిపోతుంది, కాబట్టి మబ్బు పట్టిన రోజు చూసుకోండి, లేదా ఎండ తగలని వైపు వరండా ఎంచుకోండి.